ఐదో నరానికి ఆమేన్

మా తమ్ముడు లేవి రెండోసారి పరీక్ష తప్పి బొంబాయి నుంచి ఇంటికి వస్తూ ట్రంకుపెట్టెలో ఒక పుర్రెను వెంటబెట్టుకొచ్చాడు. ఆ సంగతి మాలో ఎవరికీ చెప్పలేదు. మాసిన చొక్కాలు తీద్దామని మా నాయనకు తల్లి, మా జేజి విశ్వాసమ్మ, పెట్టె మూత ఎత్తింది. ఇంకొకరైతే కేక పెట్టి వీధిలోకి పరిగెత్తి ఉండేవారు. ఆమె దాన్ని రెండు చేతులా బయటికి తీసి, చాప మీద పెట్టి, కొంగుతో దుమ్ము తుడిచింది.

"ఎవరబ్బీ ఈయప్ప?" అని అడిగింది.

"తెలీదు జేజీ. పండ్లూ దౌడలూ సూసి సదువుకునేదానికి కాలేజీ వాళ్ళు ఇచ్చినారు. మళ్ళా ఇచ్చేయల్ల."

"పేరు గూడా తెలీదా?"

"ఎట్ల తెలుస్తాది?"

"మనింటికొచ్చిన మనిషి పేరు తెలీదంటే ఎట్లరా," అని జేజి నొచ్చుకుంది. తన పెట్టెలోంచి ఉతికిన గుడ్డ తీసి పుర్రె తలకు కప్పి, గూట్లో బైబిలు పక్కన పెట్టింది. ఎవరైనా చూసి నవ్వితే ఊరుకునేది కాదు. ఆయప్ప కూడా ఒక తల్లి కన్న బిడ్డే కదా అనేది. ఆ ఎండాకాలమంతా ఆ పేరులేని చుట్టం మాతోనే ఉన్నాడు.

అది రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం. మాది ఆత్మకూరుకు కోసెడు దూరంలో ఉన్న పాలెం. మా నాయన జ్ఞానరాజు అక్కడి క్రైస్తవుల గుడికి ఉపదేశి, ప్రార్థనలు నడిపేది ఆయనే. నేను నంద్యాలలో ఆడపిల్లల బడిలో టీచరును, సెలవులకు వచ్చాను. సెలవుల్లో హాయిగా మామిడిపండ్లు తిని పడుకుందామనుకున్న దాన్ని. ఆ సుఖం నాకు రాసిపెట్టి లేదు.

లేవి చదివింది పళ్ళ డాక్టరు చదువు. రాత పరీక్షల్లో వాడికి ఎదురులేదు. ఎముకలు, నరాలు, నెత్తురు, క్రిములు, ఏ పేపరు ఇచ్చినా బాగా రాసేవాడు. చిక్కంతా నోటి పరీక్షలో. బల్లకు అవతల ముగ్గురు పెద్దమనుషులు వరసగా కూర్చుని ప్రశ్న అడిగితే వాడికి నాలుక పెగలదు. రెండుసార్లూ అలాగే నిలబడి, అలాగే వచ్చేశాడు. మూడోసారీ తప్పితే బోర్డు వాళ్ళు ఇక పరీక్షకు కూర్చోనివ్వరు. మా కర్నూలు జిల్లాలో మిషను ఆసుపత్రి డాక్టరమ్మ వీడి కోసం ఒక గది ఖాళీగా పెట్టి ఎదురుచూస్తోంది. ఈసారి కూడా పోతే ఆ గదిలోకి వేరొకరు వస్తారు, వీడు మందులు కలిపే పని చేసుకుంటూ బతకాలి.

ఇందులో జేజి పన్ను సంగతి కూడా ఉంది. ఆమె కింది దౌడలో ఎడమవైపు చివరి పన్ను ఎప్పటినుంచో సలుపుతోంది. లవంగం నొక్కిపెట్టేది, ఉప్పునీళ్ళు పుక్కిలించేది, పొగాకు కూడా పెట్టి చూసింది. సంతలో పళ్ళు పీకేవాడి దగ్గరికి పోదాం రమ్మంటే మాత్రం వినేది కాదు.

"నా మనవడు పాసై వచ్చి పీకుతాడు. అంతవరకూ అది ఆడనే ఉండల్ల," అనేది.

వీడు కూడా తక్కువవాడు కాదు. పాసు కానిదే పళ్ళు పీకే పట్టుకారు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. పంతాలకు మా ఇంట్లో ఎప్పుడూ కరువు లేదు.

సరే, నేనే చదివిద్దామని పుస్తకం పట్టుకున్నాను. లేవి మంచం మీద వెల్లకిలా పడుకుని వేపపుల్ల నములుతుంటే నేను ఇంగ్లీషులో ప్రశ్న చదివేదాన్ని. వాడు నా మాట పూర్తి కాకముందే జవాబు చెప్పేవాడు. పన్ను పొరలు చెప్పాడు. దౌడను కదిలించే కండరాలు చెప్పాడు. ఏ పన్ను ఏ వయసులో వస్తుందో చెప్పాడు. వీడు పరీక్ష తప్పాడంటే తప్పు ఆ పరీక్షదే అనుకున్నాను. ఇంతలో నాయన లోపలికి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు.

"లేచి నిలబడి చెప్పు నాయనా, నేనూ వింటా," అన్నాడు.

లేవి లేచాడు. నేను అదే ప్రశ్న మళ్ళీ అడిగాను. వాడి గొంతులో ఉండ పైకి పోయింది, కిందికి వచ్చింది. మాట రాలేదు. కన్నతండ్రి ముందే ఇట్లా ఉంటే దొరల ముందు ఎట్లా ఉండి ఉంటాడో అనిపించి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాయన మాత్రం బెదరలేదు. "ఇది పుస్తకం జబ్బు గాదు పాపా. బాప్తిస్మానికి వచ్చేటోళ్ళను నేనెంతమందిని సూసినా? ఇంట్లో ప్రశ్నోత్తరాలు గడగడ చెప్తారు. పాదిరి దొర ముందర నిలబెడితే వాళ్ళ పేరే మర్సిపోతారు."

"వాళ్ళకు నువ్వేం చేస్తావు నాయనా?"

"ఏముండాది? దినామూ సాయంత్రం గుడి ముందర నిలబెట్టి అందరితో అడిగిస్తా. అడిగేవాళ్ళకూ చెప్పేవానికీ విసుగు పుట్టల్ల. విసుగొస్తే భయం పోతాది."

"పాలెం వాళ్ళకు ఇంగ్లీషు రాదు గదా నాయనా, ఏం అడుగుతారు?" అన్నాడు లేవి.

"మీ అక్క తెలుగు చేస్తాది," అన్నాడు నాయన. నన్ను అడగను కూడా అడగలేదు.

నా మామిడిపండ్ల సెలవులు అట్లా ముగిశాయి. కిరసనాయిలు కంట్రోలు రేషనులో ఇచ్చేది వత్తి తడవడానికి కూడా చాలేది కాదు కాబట్టి ఆ పనంతా పొద్దు ఉండగానే. మా వాళ్ళకు చదువు రాదు, కానీ చెవిన పడిన ప్రశ్నోత్తరం ప్రాణం పోయేదాకా మరిచిపోరు. అయితే అది వేదంలో, అంటే బైబిల్లో, ఉండే మాటల్లో ఉండాలి. మామూలు మాటల్లో చెబితే వాళ్ళకు అది ప్రశ్నలాగే వినిపించదు. కాబట్టి పళ్ళనూ నరాలనూ ఆ భాషలోకి దించాను. ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న పంచాను. ఎవరి ప్రశ్న వాళ్ళ సొత్తు. ఇంకొకరు పొరపాటున అడిగితే తగాదాకు వచ్చేవారు.

రాహేలమ్మకు ఐదో నరం వచ్చింది. ఆమె మా ఇంటి వెనక ఉండేది, మాకు అత్త వరస, మాట కరుకు. తిమ్మన్నకు ఉమ్మి గ్రంథులు వచ్చాయి. తిమ్మన్న ఎన్నో ఏళ్ళుగా బాప్తిస్మానికి సిద్ధపడుతూనే ఉన్నాడు, ఎప్పుడు అడిగినా వచ్చే ఏడు అంటాడు. వాడు నా దగ్గరికి వచ్చి ముఖం మాడ్చుకుని నిలబడ్డాడు.

"ఆయమ్మకేమో నరం ఇస్తివి. నాకు ఎంగిలిస్తివి. నేనేం పాపం చేసినా టీచరమ్మా?"

"ఆ ఎంగిలి లేకుంటే నువ్వు తినే సంగటి గొంతు దిగదు తిమ్మన్నా. ఒకసారి నోరు ఎండబెట్టుకుని తిని సూడు," అన్నాను.

ఆ రాత్రి వాడు సంగటి ఎట్లా తిన్నాడో తెలియదు గానీ, మరుసటి సాయంత్రం అందరికంటే ముందు లేచి తువ్వాలు సర్దుకుని, "నోటియందు ఉమ్మి ఊరు గ్రంథులు ఎన్ని జతలు?" అని గుడి గోడ అదిరేటట్టు అడిగాడు.

గుడి ముందు నాపబండలు పరిచిన వాకిలి ఉండేది. పగలంతా ఎండకు కాలిపోయిన బండల మీద నీళ్ళు చల్లి, ఆవిరి తగ్గాక అందరం కూర్చునేవాళ్ళం. లేవి నల్లటి బండ మీద సుద్దముక్కతో దౌడ బొమ్మ గీసేవాడు. మొదటి సాయంత్రం రాహేలమ్మ లేచి అడిగింది.

"మనుష్యుని ముఖమందలి ఐదవ నరము ఎన్ని శాఖలుగా చీలియున్నది?"

లేవి బొమ్మ వంక చూస్తూనే చెప్పాడు. "మూడు శాఖలుగా చీలియున్నది. మొదటిది కంటికిని, రెండవది పై దౌడకును, మూడవది క్రింది దౌడకును పోవుచున్నది."

"ఆమేన్," అంది జేజి.

మా గుడిలో ఒక ఆచారం ఉంది. ప్రార్థన ఎవరు చేసినా మొదటి ఆమేను జేజిది. ఆమె అన్నాకే మిగతావాళ్ళు అందుకుంటారు. అది ఎవరూ పెట్టిన నియమం కాదు, ఎప్పుడు మొదలైందో కూడా తెలియదు. జేజి అనేసరికి అలవాటు కొద్దీ వాకిలంతా ఆమేన్ అంది.

నాయనకు ఇది నచ్చలేదు. "అమ్మా, ఆమేను ప్రార్థనకు అంటారు. నరాలకు అంటారా యాడన్నా?"

"నరాలు ఎవరు చేసినారప్పా?" అంది జేజి.

ఇక ఆమేనుకు అడ్డు లేకపోయింది. లేవి ఒక జవాబు తెలుగులో చెప్పగానే ఆమేన్. "ఇప్పుడు దొరల మాటల్లో చెప్పు," అని అడిగి, అది అర్థం కాకపోయినా చివరిదాకా విని, దానికీ ఒక ఆమేన్.

ఇంకో తంటా కూడా వచ్చింది. ప్రశ్నోత్తరమంటే మా వాళ్ళకు మాట మారకూడదు. ఒకరోజు లేవి కొంచెం పాండిత్యం చూపించబోయాడు. రాహేలమ్మ చెయ్యెత్తి ఆపేసింది.

"నిన్న కంటికి అంటివి. ఈపొద్దు కంటి గూటికి అంటాండావు. ఏది నిజం?"

"రెండూ ఒకటే అత్తా."

"ఒకటయితే నిన్నటిదే చెప్పు."

లేవి నిన్నటిదే చెప్పాడు. చెప్పాక ఆమేను పడింది.

రోజులు గడిచేకొద్దీ పాలెంలో గాలి మారిపోయింది. చింతపండు కొట్టే ఆడవాళ్ళు కొడుతూనే ఒకరినొకరు పళ్ళ గురించి అడుక్కునేవాళ్ళు. చంటిబిడ్డ నవ్వితే పన్ను లెక్కపెట్టేవాళ్ళు. పొలం గట్టున ఇద్దరు మొగవాళ్ళు దొమ్మికి దిగబోయి, ఒకడు రెండోవాడితో, "ఒక్కటి పీకినానంటే నీ క్రింది దౌడకును పోవుచున్నది తెగుతాది," అన్నాడని విని మేమంతా పడీపడీ నవ్వాం. అంత నవ్వు మా వాకిట్లో నేనెప్పుడూ వినలేదు. వానలు లేక, పనులు లేక, జొన్నలు అడుగంటి ఉన్న కాలం అది. అయినా సాయంత్రం ఎప్పుడవుతుందా అని అందరం ఎదురుచూసేవాళ్ళం.

లేవికి భయం పోయిందనుకున్నాం. ఒకరోజు ఆత్మకూరు రామకోటయ్య శెట్టి చింతపండు బేరానికి వచ్చాడు. తిరిగి పోతూ గుడి ముందు జనాన్ని చూసి బండి ఆపాడు. దిగలేదు. మా పాలెంలో ఆయన ఎప్పుడూ దిగడు. బుగ్గ ఒకటి ఉబ్బి ఉంది.

"ఏమప్పా లేవీ, పండ్ల డాక్టరు అయితాండావంట. పన్ను ఎందుకు పుచ్చుతాదో చెప్పు, మేమూ ఇందాం," అన్నాడు బండి మీది నుంచి.

అది మా పాలెం ఏసుమణికి పంచిన ప్రశ్న, లేవి ముందురోజే దానికి జవాబు చెప్పాడు. కానీ ఇప్పుడు తలెత్తి శెట్టి వంక చూసి నోరు తెరిచాడు. గొంతులో ఉండ పైకి పోయింది, కిందికి వచ్చింది. సుద్దముక్క చేతిలో విరిగింది.

"పాల పండ్లు ఎన్ని నాయనా?" అంది జేజి, ఇంట్లో బియ్యం ఉన్నాయా అని అడిగినట్టు.

"ఇరవై జేజీ."

"ఆమేన్. పెద్ద పండ్లు?"

"ముప్పై రెండు."

"ఆమేన్. మరి అవి ఎందుకు పుచ్చుతాయి?"

లేవి జేజి ముఖమే చూస్తూ చెప్పాడు. సందుల్లో ఇరుక్కున్న తిండిని క్రిములు పులియబెడతాయని, ఆ పులుపు పైపొర పింగాణీని కరిగిస్తుందని, లోపలి గుజ్జు దాకా పోతే నొప్పి పుడుతుందని. చెబుతూ చెబుతూ తల ఎత్తి శెట్టి వైపు కూడా చూశాడు.

"అయితే బెల్లం మానుకోమంటావా?" అన్నాడు శెట్టి దిగులుగా.

"మానొద్దు శెట్టిగారూ. తిన్నాక బాగా పుక్కిలించండి. ఆ పన్ను మాత్రం ఆసుపత్రిలో సూపించల్ల."

శెట్టి పోయాక నాకొకటి తట్టింది. నాయన ముందు గొంతు పట్టుకున్నప్పుడు నాయన పీట మీద ఉన్నాడు. శెట్టి బండి మీద ఉన్నాడు. బొంబాయిలో ముగ్గురూ కుర్చీల్లో ఉంటారు. బండల మీద కూర్చున్న మనుషులతో వీడు ఎంతసేపైనా మాట్లాడతాడు. కాస్త ఎత్తున కూర్చుంటే చాలు, బిగుసుకుపోతాడు. ఆ మాట నాయనతో చెప్పాను. పాలెం మొత్తానికి కుర్చీ ఒక్కటే ఉంది, గుడిలో పాదిరి దొర కోసం దాచిన పేము కుర్చీ. దాన్ని వేరెవరూ ముట్టరు. నాయన చాలాసేపు ఆలోచించి, చివరికి తానే దాన్ని మోసుకొచ్చి వాకిట్లో వేశాడు.

"ఎవరు కూసుంటారు?" అన్నాడు.

ఎవరూ ముందుకు రాలేదు. జేజి లేచి, చీర దులుపుకుని, ఎక్కి కూర్చుంది. కాళ్ళు నేలకు అందలేదు. ఒకపక్క ముక్కాలిపీట మీద నేను కూర్చున్నాను. ముగ్గురు ఉండాలి కదా అని లేవి అంటే, జేజి ఇంట్లో ఉన్న చుట్టాన్ని తెమ్మంది. గంప బోర్లించి పుర్రెను దాని మీద పెట్టాం. పరీక్ష చేసేవాడికి ముసుగెందుకని ఆ ఒక్కరోజుకు గుడ్డ తీయించింది.

"దొరలు ముందర ఏమంటారు?" అని లేవిని అడిగింది.

"కూర్చో అంటారు జేజీ."

"మేం అనం. నిలబడే చెప్పు," అంది, ముఖం గంటు పెట్టుకుని.

లేవి నన్ను చూశాడు, పుర్రెను చూశాడు, నేలకు అందని జేజి కాళ్ళను చూశాడు. పక్కలు పట్టుకుని నవ్వాడు. ఇంటికి వచ్చాక వాడు అట్లా నవ్వడం అదే మొదలు. ఆ తర్వాత వాడు బొంబాయి పోయేదాకా ప్రతి సాయంత్రం మేం ముగ్గురం దొరలమే.

మే నెల చివర్లో ఆత్మకూరు దాకా వెళ్ళి బొగ్గుతో నడిచే బస్సు ఎక్కించాం. పుర్రెను జేజి తన చేత్తో పెట్టెలో సర్ది, "పోయిరాప్పా, సల్లగుండు," అని దానికి కూడా చెప్పింది. బస్సు కదులుతుంటే రాహేలమ్మ కిటికీ పట్టుకుని నడిచింది. "కంటికి అనే చెప్పు. కంటి గూటికి అనాకు."

మృగశిర కార్తెకు ముందే లేవి తిరిగి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, చేయి కడుక్కున్నాడు. ఆ తర్వాత గోడకు ఆనుకుని కూర్చుని జరిగింది చెప్పాడు.

లోపలికి పోయాడట. ముగ్గురున్నారట. కూర్చోమంటే అలవాటు కొద్దీ నిలబడే ఉన్నాడట. నడిమధ్య కూర్చున్న ముసలాయన ఐదో నరం గురించి అడిగాడు. లేవి చేతులు కట్టుకుని జవాబంతా తప్పు లేకుండా చెప్పాడు. చెప్పి ఆగాడు. ఆయన కూడా ఆగాడు.

"నేను ఆమేను కోసం సూస్తాండా అక్కా," అన్నాడు లేవి. "వాళ్ళు నేనింకా ఏమో చెప్తానని సూస్తాండారు. ఎవరూ అనరు. అది పడకుంటే నాకు ముందుకు పోబుద్ధి కాలేదు. గొంతు పట్టుకునింది. ఇంగ ఈసారీ పోయిందనుకున్నా. అప్పుడు నా నోట్లోంచే వచ్చేసింది. ఆమేన్ అనేసినా."

"వాళ్ళేమన్నారు?" అన్నాను.

"మిగతా ఇద్దరూ ముఖాలు సూసుకున్నారు. ముసలాయన ఎందుకట్ల అన్నావని అడిగినాడు. ఏం చెప్పల్ల? మన గుడి, మన వాకిలి, రాహేలత్త, తిమ్మన్న ఎంగిలి, అంతా చెప్పేసినా. ఆయన ఇని, తల దించుకుని ఇంకో ప్రశ్న అడిగినాడు. చెప్పినా. తలెత్తకుండానే ఆమేన్ అని, ఇంకోటి అడిగినాడు. కడాకు అట్లనే. ఎగతాళి చేసినాడక్కా. పెద్ద పరీక్షలో గుడి మాట మాట్లాడినోన్ని ఎవరు పాసు చేస్తారు?"

"జవాబులు చెప్పినావు గదా," అన్నాను.

"అన్నీ చెప్పినా. ఏం లాభం?"

నరాలకు ఆమేను తగదని ముందే చెప్పాను కదా అని నాయన అని ఉంటే జేజి పోట్లాడి తేలికపడేదేమో. ఆయన అనకపోవడమే ఆమెకు గుచ్చుకుంది. లేచి పెరట్లోకి పోయింది.

ఆ ఆదివారం గుడిలో నాయన ప్రార్థన ముగించాడు. మేం జేజి గొంతు కోసం ఆగాం. జేజి తల వంచుకుని కూర్చుంది, నోరు విప్పలేదు. ఎవరో దగ్గారు. ఎవరు మొదలుపెట్టాలో తెలియక కీర్తన ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా లేచింది. నాకు ఆ గుడి మాది కానట్టు అనిపించింది.

ఇంటికి వచ్చాక అడిగాను. "ఎందుకు జేజీ?"

"నా అలవాటు పిల్లోనికి అంటించి వాని కొంప ముంచితి గదా పాపా. ఇంగ అననులే."

ఎంత చెప్పినా వినలేదు. పంతమని ముందే చెప్పాను కదా.

మృగశిర రాగానే ఒక మంచి వాన పడింది. మరుసటి పొద్దున జేజి మంచం దిగలేదు. ఎడమ బుగ్గ పొంగి కన్ను సగం మూసుకుపోయింది. ఒళ్ళు కాలుతోంది. లేవి నోరు తెరిపించి చూశాడు. దౌడ కింద వేలితో తడిమాడు. అప్పటిదాకా గోడకు ఆనుకుని దిగులుగా కూర్చున్నవాడు లేచి చొక్కా చేతులు మడిచాడు.

"అక్కా, కుండలో నీళ్ళు బాగా మరగబెట్టు. నాయనా, కుర్చీ వాకిట్లో వెయ్యి, ఎలుతురుండాది," అన్నాడు.

"పాసు కానిదే పట్టుకారు ముట్టనంటివి గదరా," అన్నాను. నాకు భయంగా ఉంది.

"పరీక్ష సంగతి బోర్డు వాళ్ళు సూసుకుంటారు. జేజి నోరు నేను సూసుకోవల్ల," అన్నాడు.

జేజి వాడి వైపు చూసి, లేచి వచ్చి పాదిరి దొర కుర్చీలో కూర్చుంది. నేల తడిగా ఉండి అరకలు కట్టలేదు కాబట్టి పాలెం మొత్తం వాకిట్లోకి చేరింది. లేవి తన పెట్టెలోంచి సూదీ పట్టుకారూ తీసి మరిగించి, మొద్దుబార్చే మందును సూదిలోకి తీసుకున్నాడు.

"రాహేలత్తా, నీ ప్రశ్న అడుగు," అన్నాడు.

రాహేలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. తీసి, సన్నటి గొంతుతో అడిగింది. లేవి సూది గుచ్చుతూ జవాబు చెప్పాడు. మూడవది క్రింది దౌడకును పోవుచున్నది అనే మాట దగ్గర మందంతా లోపలికి వదిలాడు. జేజి నోరు తెరిచి ఉంది కాబట్టి ఆమేను పడలేదు. కాసేపాగి పెదవి గిల్లి చూశాడు, ఆమెకు తెలియలేదు. పట్టుకారు పెట్టి, మెల్లగా అటూ ఇటూ కదిలించి, పన్ను చేతిలోకి తీసుకున్నాడు. చీము కారింది, నెత్తురు కారింది. కడిగి, దూది ఉండ పెట్టి కొరికిపట్టమన్నాడు.

గుడి గోడ నీడ పడుతున్న బండ మీద కొంచెం అవతలగా సుద్దతో గీత గీశాడు. "నీడ ఈ గీతకు వచ్చేదాకా నోరు తెరవొద్దు జేజీ. మాట్లాడితే నెత్తురు నిలవదు."

జేజి తల ఊపింది.

అప్పుడు వచ్చాడు ఆత్మకూరు తపాలా మనిషి, బురదలో సైకిలు నెట్టుకుంటూ. బొంబాయి నుంచి తంతి అన్నాడు. లేవి చేతులు నెత్తురుతో ఉన్నాయని నేనే విప్పాను. చదివాను. ఇంకోసారి చదివాను.

"పాసు," అన్నాను. "లేవి పాసైనాడు."

ఎవరూ కేరింత కొట్టలేదు. వాకిట్లో ఉన్న ప్రతి ముఖమూ జేజి వైపు తిరిగింది. మొదటి మాట ఆమెది. ఆమె దూది కొరికి పట్టుకుని, కన్నీళ్ళు కారుతుండగా, లేవి గీసిన గీత వంక చూసింది. నీడకూ గీతకూ మధ్య ఇంకా బండ చాలానే ఉంది.

మేమంతా కూర్చున్నాం. అంత సంతోషాన్ని నోట్లో పెట్టుకుని అంతమంది నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆరోజు తెలిసింది. రాహేలమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. తిమ్మన్న ఆగలేకపోయాడు.

"జేజీ, తల ఊపితే సాలదా?"

"ఆమేనుకు తల ఊపేది లేదు తిమ్మన్నా. కూసో," అన్నాడు మా నాయన.

నీడ మెల్లగా జరిగింది. మబ్బు అడ్డం వచ్చి ఒకసారి మాయమైంది కూడా. అందరం తలలెత్తి ఆ మబ్బును తిట్టుకున్నాం. అది పోయి ఎండ వచ్చింది. నీడ అంచు సుద్దగీతను తాకింది.

లేవి వంగి దూది తీశాడు. పన్ను ఉన్నచోటు చూసి, సరే అన్నట్టు పక్కకు జరిగాడు. జేజి మా అందరినీ ఒకసారి చూసింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది.

"ఆమేన్," అంది.

పెదవి ఒకవైపు ఇంకా మొద్దుబారి ఉంది కాబట్టి అది పక్కకు ఒరిగి, కొంచెం గాలి పోయి వినిపించింది. మేమంతా ఒక్క గొంతుతో అందుకున్నాం. లేవి కూడా అనబోయాడు. గొంతులో ఉండ పైకి పోయింది, కిందికి వచ్చింది, మాట రాలేదు. అయితే ఈసారి వాడికి పట్టుకున్నది భయం కాదు.